నోరు మూసుకున్న రోజు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఊళ్లో చెప్పుకుంటారు. అది శుద్ధ అబద్ధం. మాది మిరప పండే ఊరు. కల్లాల్లో కాయలు ఎండే రోజుల్లో ఊరు ఊరంతా పొద్దస్తమానం తుమ్ముతూనే ఉంటుంది. కోపం ముక్కు మీదే ఉంటే ఏ తుమ్ముకో ఊడి కింద పడిపోయేది. నాది అంతకంటే లోపల ఎక్కడో ఉంది. ఎక్కడుందో నాకు తెలియదు గానీ మా షిరీన్‌కు తెలుసు. కోపతాపాలు మనిషి మెదడులో ఎక్కడ పుడతాయి, ఒంట్లో ఎలా పాకుతాయి అని వెతకడమే దాని ఉద్యోగం.

అంత కోపిష్ఠిదాన్ని, మొన్న ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున్నే నోటికి తాళం వేసుకుని మార్టూరులో గుంటూరు బస్సెక్కాను. నేనూ షిరీనూ చదువుకున్న శారదాంబ మహిళా విశ్వవిద్యాలయంలో పూర్వ విద్యార్థినుల సమావేశం ఆ రోజు. కాయ కల్లంలో ఉంది. తాలు, అంటే రంగు చచ్చి తెల్లబడిన కాయ, ఏరడానికి కూలీలను కూడా పిలుచుకున్నాం. అయినా సరే బయలుదేరాను. బస్టాండు దాకా బండి మీద దింపిన మా ఆయన కోటేష్‌కు నా సంగతి తెలుసు.

"ఇదిగో, అక్కడెవరేమన్నా తలకాయ ఊపు. నోరు మాత్రం తెరవమాక," అన్నాడు.

"తెరిస్తే ఏంటంట?"

"అదిగో, అదే వద్దంటన్నా," అన్నాడు.

ఆయన భయానికి కారణం ఉంది. ఆ సమావేశంలో ఒక ఆచారం ఉంది. భోజనాలకు ముందు ప్రతి బ్యాచికీ పాత రోజుల్లో లాగే హాజరు వేస్తారు. నంబరు, పేరు పిలుస్తారు. తల నెరిసినవాళ్లు, మనవళ్లను చంకనెత్తుకున్నవాళ్లు కూడా లేచి నిలబడి "ప్రెజెంట్ మేడమ్" అంటారు. కాలం చేసినవాళ్ల పేరు వస్తే వాళ్ల బదులు బ్యాచి మొత్తం కలిసి పలుకుతుంది. అంటే అక్కడ చచ్చిపోయినవాళ్లకు కూడా హాజరు ఉంది. నాకు లేదు. మా బ్యాచి వంతు వచ్చినప్పుడు పదహారు తర్వాత పద్దెనిమిదికి దూకుతారని షిరీన్ ఒకసారి ఫోన్లో చెప్పింది. ఆ పదిహేడు నేను.

డిగ్రీ రాలేదని నేనెప్పుడూ ఏడవలేదు. పొలంలో పడ్డాను, నిలదొక్కుకున్నాను, నా కాయకు మిర్చి యార్డులో పేరుంది. కానీ నా మీదుగా దూకడం అనే మాట మాత్రం గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. బతికున్న మనిషిని దాటుకుని ఎలా పోతారు? ఒక్కసారి ఆ హాల్లో నా నంబరు వినాలి. నాకు కావలసింది అంతే.

ఎందుకు తీసేశారో కూడా చెబుతాను, దాచుకోవడానికేం లేదు. రెండువేల నాలుగులో నేనూ షిరీన్ ఎమ్మెస్సీ సైకాలజీ ఆఖరి సంవత్సరం, హాస్టల్లో ఒకే గది. సాయంత్రం ఆరయిందంటే గేటుకు తాళం. ఒకరోజు ఆరు దాటాక షిరీన్‌కు కడుపునొప్పి వచ్చింది. పిడుగురాళ్ల సున్నపు బట్టీల మధ్య పెరిగిన పిల్ల, దెబ్బ తగిలినా కిక్కురుమనని రకం, అలాంటిది మెట్ల మీద చుట్టుకుపోయి మూలుగుతోంది. వార్డెన్ తెనాలిలో ఏదో పెళ్లికి వెళ్లింది. తాళంచెవి ఆవిడ హ్యాండు బ్యాగులో ఉంది. వాచ్‌మన్ చేతులు పిసుక్కుంటున్నాడు. అమ్మాయిలందరూ గేటు దగ్గర నిలబడి ఏం చేయాలి ఏం చేయాలి అంటున్నారు. నేను మెస్సులోకి పోయి కారం దంచే రోకలి తెచ్చాను. కొసకు ఇనప పొన్ను తొడిగిన రోకలి. తాళం కప్ప ఎన్ని దెబ్బలకు ఊడిందో గుర్తులేదు గానీ ఊడింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళితే, ఇంకాసేపు ఆలస్యమైతే పేగు లోపలే పగిలేదన్నారు డాక్టర్లు.

తర్వాత విచారణ పెట్టారు. హాస్టల్ ఆస్తి ధ్వంసం, క్రమశిక్షణ లేదు అన్నారు. తప్పయిపోయిందని రాసిస్తే వదిలేస్తామన్నారు. తప్పు చేయనిదే తప్పయిందని ఎలా రాస్తాను? రాయను పొమ్మన్నాను. ఇంకో రెండు మాటలు కూడా అన్నాను, అవి ఇక్కడ బాగుండవు. పరీక్షలకు రానివ్వలేదు, పేరు కొట్టేశారు. షిరీన్ కుట్లతో ఆసుపత్రి నుంచి వచ్చేసరికి నేను మా ఊళ్లో నారు పోస్తున్నాను. నా కోసం అది రాసిచ్చిన అర్జీలను ఎవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు షిరీన్ బెంగళూరులో పెద్ద శాస్త్రవేత్త. పేపర్లలో ఫొటోలు పడుతున్నాయి. సమావేశానికి ముఖ్య అతిథిగా రమ్మంటే, పున్నమ్మ, అంటే నేను, వస్తేనే వస్తానని మెలిక పెట్టింది. అప్పుడు పూర్వ విద్యార్థినుల సంఘం అధ్యక్షురాలు బాలత్రిపురసుందరి నాకు ఫోన్ చేసింది. మేం చదివేటప్పుడు ఆవిడ అదే హాస్టల్లో ఉండి రీసెర్చి చేసేది. అందరికీ సుందరక్క. నిండు కుండ లాంటి మనిషి, తొణకదు.

"పున్నమ్మా, నీకు సభ్యత్వం ఇప్పించే ప్రయత్నం చేస్తున్నానమ్మా. ఆ రోజు రిజిస్ట్రార్ రామకాంత్ గారు వస్తారు. ఆయన సరేనని సంతకం పెడితే హాజరులో నీ పేరు పిలుస్తాను. నాకు కావలసింది ఒక్కటే. ఆ పూట నువ్వు ఎవరినీ ఏమీ అనకూడదు. నాకు మాటివ్వాలి."

ఇచ్చాను. జీవితంలో నేనిచ్చిన మాటల్లో అంత కష్టమైనది ఇంకోటి లేదు.

హాల్లోకి అడుగుపెట్టగానే ఒక అమ్మాయి నా చీరకు బిళ్ల తగిలించింది. అందరి బిళ్లల మీద బ్యాచి సంవత్సరం ఉంది. నా బిళ్ల మీద "అతిథి" అని ఉంది. నోటి దాకా వచ్చింది. మింగేశాను. పక్క వరసలో కూర్చోమంటే కూర్చున్నాను. చల్లారిన కాఫీ ఇస్తే బాగుందన్నాను. మా బ్యాచి అఖిల నన్ను ఎగాదిగా చూసి, "ఒంట్లో బాలేదా ఏంటే పున్నీ?" అని అడిగింది.

షిరీన్ మాట్లాడుతుంటే వినడం నాకు పండగ. నేత చీర కట్టుకుంది, జుట్టు సగం తెల్లబడింది. మనిషికి కోపం వచ్చినప్పుడు మాట కంటే ముందు ఒళ్లు పలుకుతుందట. అరచేతిలో కనీకనపడని చెమట పడుతుందట, దాన్ని యంత్రంతో పట్టుకోవచ్చట. చూపిస్తాను, మీలో బాగా కోపమున్న మనిషి ఒకరు పైకి రండి అంది. అంతే, నాలుగు వందల తలకాయలు నా వైపు తిరిగాయి. ఎవరూ పేరు కూడా పలకలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం విన్నాను గానీ, నలుగురూ కలిసి నా భుజాలు తడమడం అప్పుడే చూశాను.

వేదిక పక్కన కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. షిరీన్ దగ్గర పరిశోధన చేసే ఆశ్రిత అనే అమ్మాయి నా మణికట్టుకు ఒక పట్టీ కట్టి, వేళ్లకు రెండు తొడుగులు తొడిగింది. వెనక తెర మీద పచ్చటి గీత ఒకటి మొదలైంది. సాఫీగా, కాలవ నీళ్లలా పోతోంది.

"ఇప్పుడు ఎవరైనా మేడమ్ గారికి కోపం తెప్పించండి," అంది ఆశ్రిత.

"పున్నమ్మా, బాగా లావయ్యావే," అంది ఒకావిడ. గీత కదల్లేదు. "దానికి చదువంటే బద్ధకం, అందుకే పరీక్షలు ఎగ్గొట్టింది," అంది ఇంకొకావిడ. గీత కొంచెం వణికి మళ్లీ పడుకుంది. హాలంతా ఆశ్చర్యపోయింది. మా అత్తగారి నోటి ముందు ఇవేం తిట్లు అనుకుంటూ నేను నవ్వుతూ కూర్చున్నాను.

అప్పుడు అఖిల లేచింది. వాళ్లాయనకు గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉంది. "మొన్న మీ ఊరి కాయ మా కొట్టుకొచ్చిందే పున్నీ. సగానికి సగం తాలే," అంది.

గీత నిట్టనిలువుగా లేచి తెర పై అంచుకు కొట్టుకుంది. హాలు హాలంతా పడీ పడీ నవ్వింది. నేను నాలుక కరుచుకున్నాను. నా కాయలో తాలు ఉందంటే ఊరుకుంటానా? ఊరుకున్నాను. సుందరక్కకు మాటిచ్చాను కదా.

"ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి," అంది షిరీన్. "లోపల ఏదో బలంగా కదిలిందని మాత్రమే ఈ గీత చెబుతుంది. అది కోపమో, భయమో, సంతోషమో యంత్రానికి తెలియదు. అది ఆ మనిషినే అడగాలి."

ఇంతలో రిజిస్ట్రార్ రామకాంత్ గారు వచ్చేశారు. ఈ మధ్యే బదిలీ మీద వచ్చిన మనిషి. వేరే మీటింగు ఉంది, రెండు మాటలు చెప్పి వెళ్లిపోతానన్నారు. ఆ హడావుడిలో ఆశ్రిత మైకు తెచ్చి పెట్టడానికి పరుగెత్తింది. నా చేతికి పట్టీ అలాగే ఉండిపోయింది. ఆయన వెనక తెర మీద గీత కూడా అలాగే ఉండిపోయింది. ఆయన సభ వైపు తిరిగి నిలబడ్డారు కాబట్టి ఆయనకు అది కనపడదు.

"కొత్త హాస్టల్ భవనం పూర్తి కావచ్చింది," అన్నారు ఆయన. "ఆడపిల్లల భద్రత విషయంలో రాజీ పడలేదు. సాయంత్రం ఆరు గంటలకు గేటుకు తాళం దానంతట అదే పడిపోతుంది. మళ్లీ పొద్దున ఆరింటికే. మధ్యలో తెరవాలంటే వార్డెన్ గారి ఫోన్లో ఉన్న యాప్ ఒక్కటే మార్గం."

నేను పళ్లు బిగించి కూర్చున్నాను. పల్లెత్తు మాట అనలేదు. గీత మాత్రం లేచింది. మెల్లగా, ఆగకుండా, పాలు పొంగినట్టు లేస్తోంది. ముందు వరసలో ఎవరో చూశారు, పక్కవాళ్లను మోచేత్తో పొడిచారు. గుసగుస మొదలైంది. సభ మెచ్చుకుంటోందనుకున్నారేమో, ఆయన ఇంకొంచెం గొంతు పెంచారు.

"లోపలి వైపు హ్యాండిల్ కూడా పెట్టించలేదు. చీమ కూడా బయటికి పోలేదు."

గీత తెర దాటిపోయింది. కంప్యూటరుకు చోటు చాలక బొమ్మ మొత్తాన్ని కుదించుకుంది. ఇందాక తాలు మాటకు లేచిన కొండ ఇప్పుడు చీమల పుట్టంత అయింది. దాని పక్కన ఈ కొత్తది పెరుగుతూనే ఉంది. హాల్లో గుసగుసలు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం చూసి రామకాంత్ గారు వెనక్కి తిరిగారు.

"ఏమిటిది?" అన్నారు.

"మా పున్నమ్మ కోపం సార్," అంది షిరీన్.

ఆయన నన్ను చూశారు. నేను కుక్కిన పేనులా కూర్చుని ఉన్నాను. "ఆవిడ ఏమీ అనలేదే," అన్నారు.

పెదవి దాటితే పృథ్వి దాటుతుందంటారు. నాది పెదవి దాటలేదు, అయినా హాలంతా తిరిగొచ్చింది. సుందరక్క వైపు చూశాను. ఆవిడ కళ్లు మూసుకుంది. అయిపోయింది పదిహేడు అనుకున్నాను.

"ఏం కదిలిందో మనిషినే అడగాలన్నాను కదా," అంది షిరీన్. నా దగ్గరికి వచ్చి మైకు చాపింది. "చెప్పవే."

చెప్పకుండా తల ఊపితే సరిపోయేది. కోటేష్ నేర్పించి పంపాడు. ఇంకో గంట ఓపిక పడితే సంతకం అవుతుంది, నా నంబరు వింటాను. ఇరవై ఏళ్లు దాని కోసమే కదా చూసింది. కానీ హాలు వెనక తలుపు దగ్గర అన్నం బల్లలు సర్దుతూ ఇప్పటి హాస్టల్ పిల్లలు నిలబడి ఉన్నారు, రేపు ఆ గేటు లోపల ఉండబోయేవాళ్లు. వాళ్లలో ఎవరి కడుపులో ఏ నొప్పి ఉందో ఎవరికి తెలుసు? పదిహేడు పోతే పోయిందనుకున్నాను. లేచాను.

నేను అరవలేదు. అంత నెమ్మదిగా నేను మాట్లాడగలనని నాకే తెలియదు.

"సార్, వార్డెన్ గారి ఫోన్లో చార్జింగ్ అయిపోతే ఎట్లాగండి?"

"అలా జరగదమ్మా. అన్నీ ఆలోచించాం."

"జరిగిందండి. అప్పుడు ఫోను కాదు, తాళంచెవి. హ్యాండు బ్యాగులో తెనాలి పెళ్లికెళ్లింది. లోపల ఒక పిల్ల చావుబతుకుల మధ్య ఉంది. గేటు తీయటానికి నాకు రోకలి దొరికింది. రేపు మీ గేటుకి పిల్లలు ఏం తెచ్చుకోవాలండి?"

రామకాంత్ గారు ఏదో అనబోయారు. షిరీన్ అడ్డుపడింది. "ఆ పిల్ల నేనే సార్. ఆ తాళం ఆ రోజు పగలకపోతే ఇవాళ మీకు ముఖ్య అతిథి లేదు. తాళం పగలగొట్టినందుకు దీన్ని పరీక్షలు రాయనివ్వలేదు. ఇవాళ దీని చీరకు అతిథి అని బిళ్ల తగిలించారు."

అప్పుడు సుందరక్క లేచింది. నిండు కుండ అన్నాను కదా, మొదటిసారి తొణికింది. "ఆ సాయంత్రం గేటు లోపల నేనూ ఉన్నాను. ఇక్కడున్న చాలామంది ఉన్నారు. అందరం చూస్తూ నిలబడ్డాం. విచారణలో మమ్మల్ని అడిగినప్పుడు కూడా నోరు విప్పలేదు. పున్నమ్మను నోరు మూసుకోమని మొన్న నేనే మాట తీసుకున్నాను. మూసుకున్నది చాలమ్మా, మాకూ నీకూ. ఈమె మనలో మనిషి అనుకునేవాళ్లు లేవండి."

ముందు లేచింది అఖిల. తర్వాత కుర్చీల చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. మోకాళ్ల నొప్పులవాళ్లు పక్కవాళ్ల భుజాలు పట్టుకుని లేచారు. వెనక తలుపు దగ్గర పిల్లలు గరిటెలు పట్టుకునే చప్పట్లు కొట్టారు.

రామకాంత్ గారి గురించి ఒక మంచి మాట చెప్పాలి. ఆయన మొహం మాడ్చుకోలేదు. కాసేపు తెర వంక చూసి, "మా అమ్మాయిని కూడా ఈ ఏడాది ఈ హాస్టల్లోనే చేర్చాలనుకుంటున్నాను," అన్నారు. "లోపలి నుంచి చేత్తో తీసుకునే గడియ పెట్టిస్తాను. పెట్టించిన రోజున మిమ్మల్ని పిలుస్తాను, మీరే తీసి చూడండి. సభ్యత్వం కాగితం ఏదో ఉందన్నారు కదా, ఇవ్వండి, సంతకం పెడతాను."

"సంతకం తర్వాత సార్," అంది సుందరక్క. "ముందు హాజరు."

నన్ను పక్క వరసకు వెళ్లనివ్వలేదు. మా బ్యాచి మధ్యలోకి లాక్కుపోయారు. షిరీన్ నా బిళ్ల పీకేసి తన సంచిలో వేసుకుంది. ఆశ్రిత పట్టీ విప్పబోతే, ఉండనీ అంది. సుందరక్క కళ్లద్దాలు తుడుచుకుని మొదలుపెట్టింది. ఒక్కొక్కరే లేస్తున్నారు, పలుకుతున్నారు. పదిహేను అయింది. పదహారు అయింది. ఆవిడ తలెత్తి సూటిగా నన్ను చూసింది.

"పదిహేడు. పున్నమ్మ."

లేచి నిలబడ్డాను. ఇరవై ఏళ్లుగా మనసులో వల్లె వేసుకున్న రెండు మాటలు, నాలుక మీదికి రావడం లేదు. ఎంతమంది నోళ్లు మూయించిన నోరు ఇది, తెరుచుకోవడం లేదు. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. తెర మీద గీత మాత్రం లేచింది. గేటు మాట విన్నప్పటి శిఖరం దాటింది, ఇంకా పైకి పోయింది. హాలంతా గీతనే చూస్తోంది. అది కోపమో సంతోషమో యంత్రానికి తెలియదు. నాకు తెలుసు.

నేను ఎంతకీ పలకకపోయేసరికి అఖిలకు కంగారు పుట్టింది. అలవాటు కొద్దీ మా బ్యాచి వైపు తిరిగి, అందరూ కలిసి నా బదులు పలకమని చెయ్యి ఊపింది. అది పోయినవాళ్లకు చేసేది. అప్పుడు ఊడిపడింది నా గొంతు.

"ఆగవే అఖిలా, నేనింకా బతికే ఉన్నా," అన్నాను. హాలు కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. ఆ నవ్వులు ఆగేదాకా నిలబడి, కొంగుతో మొహం తుడుచుకుని, వెనక తలుపు దగ్గర గరిటెలు పట్టుకున్న పిల్లలకు కూడా వినపడేటట్టు చెప్పాను.

"ప్రెజెంట్ మేడమ్."